చర్లపల్లికి దారేది?

హైదరాబాద్‌లోని చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కు చేరుకునే మార్గాల్లో ఇప్పటిదాకా తేలిన అత్యంత సుఖమైన మార్గం వీడియో కాన్ఫరెన్స్. 2025 జనవరి 6న ప్రధాని నరేంద్ర మోదీ ఆ దారినే వచ్చారు. ఉన్నచోటి నుంచి కదలకుండా చర్లపల్లి టెర్మినల్ తెరిచారు, జమ్మూకు కొత్త రైల్వే డివిజన్ ఇచ్చారు, ఒడిశాలో రాయగడ డివిజన్ భవనానికి పునాది వేశారు. ఒక్క పూటలో దేశం ఆ కొస నుంచి ఈ కొసకు చుట్టేశారు. దారిలో ఒక్క ట్యాంకర్ అడ్డం రాలేదు, ఒక్క ఆటోతో బేరం తెగలేదన్న చింత లేదు.

మిగతా జనానికి ఆ యోగం లేదు. మనం స్టేషన్‌కు ఒళ్ళు కూడా వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఒంటితోపాటు రెండు సూట్‌కేసులు, చంకలో పిల్లాడు, మోకాళ్ళ నొప్పులతో అత్తగారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, కట్టడం బ్రహ్మాండంగా ఉంది. దాదాపు 413 కోట్ల రూపాయల పని. ముందు నిలబడి చూస్తే ఇది స్టేషనా, శంషాబాద్ విమానాశ్రయానికి తమ్ముడా అని అనుమానం వస్తుంది. అద్దాల ముఖం, రంగురంగుల దీపాలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు, చల్లటి వెయిటింగ్ హాళ్ళు. పాతవీ కొత్తవీ కలిపి తొమ్మిది ప్లాట్‌ఫారాలు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ ఊపిరాడక ఉన్నాయి కాబట్టి వాటి మీద భారం తగ్గించడానికే ఈ కొత్త టెర్మినల్ అని రైల్వే చెప్పింది. అది కూడా నిజమే. సికింద్రాబాద్ బయట సిగ్నల్ కోసం ముప్పావు గంట పడిగాపులు పడ్డ ప్రతి ప్రయాణికుడూ ఆ మాటకు సాక్ష్యం చెబుతాడు.

లోపల ప్లాట్‌ఫారాలు దాటడానికి కట్టిన నడక వంతెన వెడల్పు 12 మీటర్లు. మన లెక్కలో దాదాపు 40 అడుగులు. ఇప్పుడు వంతెన దిగి, హాలు దాటి, గేటు బయటికి నడవండి. తెరిచిన నాటికి స్టేషన్‌కు వచ్చే రోడ్డు కొన్నిచోట్ల ఈ వంతెన కంటే సన్నం. ఒకటో నంబరు నుంచి తొమ్మిదో నంబరుకు నలుగురు భుజాలు రాసుకోకుండా నడిచే ఏర్పాటు ఉంది. అదే మనిషి అదే సామానుతో తన ఇంటికి వెళ్ళాలంటే గ్యాస్ ట్యాంకర్‌కూ కాలనీ ప్రహరీకీ మధ్య ఒదిగి ఒదిగి వెళ్ళాలి. ఈ స్టేషన్ ప్లాను గీసినాయన ఇక్కడికి వచ్చే ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీదే పుట్టి, ప్లాట్‌ఫారం మీదే పెరిగి, రైలెక్కి వెళ్ళిపోతాడని అనుకున్నట్టుంది.

చుట్టుపక్కల ఏముందో కూడా చూడాలి. ఇది పారిశ్రామికవాడ. చమురు కంపెనీల డిపోలు, గ్యాస్ ప్లాంట్లు ఇక్కడున్నాయి. నగరంలో లక్షల వంటిళ్ళ పొయ్యి వెలగడంలో చర్లపల్లి చెయ్యి ఉంది. ఇక్కడ నింపిన గ్యాస్ బండ లారీ ఎక్కి, గోడౌన్ దాటి, ట్రాలీ మీద మీ వీధికి వచ్చి, డెలివరీ కుర్రాడి భుజం మీద మీ మూడో అంతస్తు గుమ్మం దాకా వస్తుంది. ముందు రోజు ఫోన్‌కు మెసేజ్ కూడా వస్తుంది. అదే చర్లపల్లిలో దిగిన మనిషిని మూడో అంతస్తు సంగతి తర్వాత, ఈసీఐఎల్ చౌరస్తా దాకా చేర్చడానికే నానా తంటాలు. బండకున్న విలువ మనిషికి లేదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక చర్లపల్లి అనగానే తెలుగువాళ్ళకు మొదట గుర్తొచ్చేది స్టేషన్ కాదు, జైలు. తెలుగు టీవీ చూసేవాళ్ళకు ఆ జైలు గేటు కొట్టినపిండి. అరెస్టయిన నాయకుడు లోపలికి వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపడం, బెయిలొచ్చిన నాయకుడు బయటికొచ్చి పూలదండ వేయించుకోవడం, రెండూ అక్కడే. గమనించారో లేదో, చర్లపల్లి జైలుకు వెళ్ళేవాడికి ప్రభుత్వమే బండి పెడుతుంది. ముందో పైలట్, వెనకో ఎస్కార్ట్. నేరుగా గేటు ముందే దించుతారు, చార్జీ అడగరు. చర్లపల్లికి నగరంలో ఎక్కణ్ణుంచైనా, ఏ వేళలోనైనా గుమ్మం నుంచి గుమ్మానికి నడిచే ప్రభుత్వ రవాణా ఇదొక్కటే. చేతిలో రిజర్వేషన్ టికెట్ ఉంటే కుదరదు, రిమాండ్ కాగితం ఉండాలి.

అన్నట్టు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి చర్లపల్లి దారి కొత్తేమీ కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆ జైల్లో ఎలా ఉన్నదీ ఆయనే అసెంబ్లీలో చెప్పుకున్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. 2020 ఫిబ్రవరిలో అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ ఈ టెర్మినల్‌కు శంకుస్థాపన చేసినప్పుడు చర్లపల్లి ఉన్న మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానానికి ఎంపీ రేవంత్ రెడ్డే. రాష్ట్రంలో అధికారం కేసీఆర్‌ది. కేంద్రంలో బీజేపీ. అంటే తెలంగాణలో ఓటడిగే మూడు పెద్ద పార్టీలూ ఆ పునాదిరాయి వేసిన నాడే ఈ స్టేషన్ వస్తోందని ఎరుగును. స్టేషన్ రాత్రికి రాత్రి మొలవలేదు. ఐదేళ్ళు కళ్ళ ముందే లేచింది. ఒక్కో అంతస్తుకూ ఎవరో ఒకరు వచ్చి ఫొటో దిగి వెళ్ళారు. ఆ ఫొటోలకు వచ్చినవాళ్ళు ఏ రోడ్డు మీద వచ్చారో అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

రోడ్డు ఎవరిది అని అడిగి చూడండి, వేదాంతం మొదలవుతుంది. స్టేషన్ కేంద్రానిది. స్టేషన్ గేటు దాటిన మరుక్షణం నేల రాష్ట్రానిది. ఆ నేల మీద రోడ్డు కొంత పారిశ్రామికవాడ లెక్క, కొంత కార్పొరేషన్ లెక్క. రోడ్డు పక్క మోరీ ఇంకో శాఖది, దీపం మరో శాఖది. గుంత మాత్రం అందరిదీ. కేంద్ర మంత్రి కిషన్ రెడ్డి ముఖ్యమంత్రికి లేఖ రాశారు: స్టేషన్ సిద్ధమవుతోంది, రోడ్లు వెడల్పు చేయించండి అని. ఐదేళ్ళ కింద పునాది వేసిన ఇంటికి గృహప్రవేశం ముందు దారి అడగడం మన ప్రభుత్వాల సంప్రదాయం. లేఖ వెళ్ళింది, సమీక్ష జరిగింది, అధికారులకు ఆదేశాలు వెళ్ళాయి. ఆ ఆదేశాలు కూడా చర్లపల్లి రోడ్డు మీదుగానే వెళ్ళినట్టున్నాయి, ఎక్కడో ట్రాఫిక్‌లో ఆగాయి.

దీనికి కారణం లోతుగా వెతకనక్కర్లేదు. భవనానికి రిబ్బన్ ఉంటుంది. శిలాఫలకం ఉంటుంది. రాత్రి లైట్లు వేస్తే డ్రోన్‌తో వీడియో తీయొచ్చు. రోడ్డు వెడల్పు చేయడానికి ఏముంటుంది? నష్టపరిహారం, కోర్టు స్టే, షాపు పోయినవాడి శాపనార్థాలు. పైగా రోడ్డుకు ఖర్చు పెట్టేది రాష్ట్రం, దాని వల్ల వెలిగేది కేంద్రం కట్టిన స్టేషన్. రోడ్డు వేయకపోతే తిట్లు తినేది ఎవరు? అప్పుడు కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది, రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది. ప్రయాణికుడు ఆటోవాణ్ణి చూస్తాడు. అన్నట్టు ఓటింగ్ యంత్రాలు తయారుచేసే ఈసీఐఎల్ ఈ చుట్టుపక్కలే ఉంది. ఓటు ఎటు పడిందో చూపించే చీటీ కూడా యంత్రంలో పెట్టారు. ఓటేసినవాడి రోడ్డు ఎటు పోయిందో చూపించే చీటీ ఇంకా కనిపెట్టాలి.

ఆటోవాడి మాట వచ్చింది కాబట్టి ఆ సన్నివేశం చూడకుండా ముందుకు పోకూడదు. సంక్రాంతి అయిపోయిన వారం. పండక్కి ఆంధ్రా వైపు వేసిన స్పెషల్ రైళ్ళు ఎక్కువగా చర్లపల్లి నుంచే. కాకినాడ వైపు నుంచి వచ్చిన బండి తెల్లవారకముందే నిలిచింది. జనం దిగారు. చేతుల్లో అరిసెల డబ్బాలు, సున్నుండల టిన్నులు, గోనెసంచిలో కొత్త బియ్యం, ఒకాయన భుజం మీద అరటి గెల. ఎస్కలేటర్ ఎక్కారు, హాయిగా దిగారు, అద్దాల హాలు దాటారు, తలుపులు వాటంతటవే తెరుచుకున్నట్టు గర్వంగా బయటికొచ్చారు. బయట చలి. ఆటోలు వరసగా.

"బాబూ, కూకట్‌పల్లి ఎంత?" అని అడిగింది పెద్దావిడ.

అతను చెప్పిన అంకె విని ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, మనం కాకినాడ నుంచి వచ్చిన టికెట్ ఎంతరా?"

"అమ్మా, అది రైలు. ఇది చర్లపల్లి," అన్నాడు డ్రైవర్, తప్పు పట్టలేని న్యాయంతో.

"మీటర్ వెయ్యన్నా," అన్నాడు కొడుకు.

"మీటరా అన్నా? లోపల బరువు చూసే మిషను ఉంటే దానికుంటది మీటర్. నాకు వాపసు వస్తుంటె ఒక్క గిరాకీ దొరకదు. నువ్వే చెప్పు, ఇంత పొద్దుగాల ఈడికెవరొస్తరు?"

అతని మాటలో మోసం లేదు. ఖాళీగా తిరిగిరావలసిన దూరాన్ని అతను ముందే చార్జీలో కలుపుకున్నాడు. ప్రభుత్వం వెయ్యని బస్సు ధర, తెరవని రోడ్డు ధర, వెయ్యని దీపం ధర అన్నీ కలిపి ఆ పెద్దావిడ దగ్గర వసూలు చేసే బాధ్యత ఎవరూ అడక్కుండానే అతని నెత్తిన పడింది. ఫోన్లో క్యాబ్ బుక్ చేసిన కుర్రాళ్ళ పరిస్థితి ఇంకో రకం. డ్రైవర్ ఫోన్ చేసి 'ఎక్కడ డ్రాప్?' అంటాడు, 'పేమెంట్ క్యాషా, ఆన్‌లైనా?' అంటాడు, ఆ తర్వాత ఏమీ అనడు. బుకింగ్ క్యాన్సిల్.

ఆర్టీసీ బస్సులు వేయలేదని అనను. వేసింది. ఆడవాళ్ళకు ఉచితం కూడా, 2023 డిసెంబరు నుంచి. కానీ రైళ్ళు రాత్రంతా వస్తాయి, సిటీ బస్సులు రాత్రి పడుకుంటాయి. ఉచితంగా ఎక్కనిచ్చే బస్సు కోసం ఉచితంగా తెల్లవార్లూ కూర్చోవచ్చు.

మరి రైల్వే టెర్మినల్‌కు రైలెక్కే వెళ్ళొచ్చుగా అంటారా? బుద్ధిమంతులు అడిగే ప్రశ్న. అందుకే జవాబు లేదు. ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు మొదటిసారి 2003 ఆగస్టులో నడిచింది. రెండో దశ ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలని ఒప్పందం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నువ్వు డబ్బు ఇవ్వలేదంటే నువ్వు పని చేయలేదని రెండు వైపులా వాదులాట. చివరికి 2024 మార్చిలో మౌలాలి, సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి బండి కదిలింది. అది చర్లపల్లి మీదుగానే పోతుంది. సంతోషం. రోజుకు ఎన్నిసార్లు పోతుందో లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు ఎక్కువ. చెన్నై నుంచి వచ్చిన బండికీ దానికీ ముహూర్తం కలవాలంటే పంచాంగం చూసుకోవాలి. మెట్రో మాటకొస్తే, దగ్గరలో ఉన్న మెట్రో స్టేషన్‌కు వెళ్ళాలన్నా అదే ఆటోవాణ్ణి అడగాలి.

ఇక్కడ ఒక్క నిమిషం శంషాబాద్ వైపు తిరిగి చూద్దాం. ఆ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఏడాదిన్నర తిరిగేసరికి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్, పీవీ నరసింహారావు పేరుతో, తలకాయల మీదుగా లేచి నిలబడింది. ఔటర్ రింగు రోడ్డులో మొదట తెరిచిన ముక్క కూడా గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కే. విమానం ఎక్కేవాడు సిగ్నల్ దగ్గర ఆగకూడదన్న పట్టింపు ప్రభుత్వాలకు ఎంత ఉందో చూడండి. నేల ఎవరిది, మోరీ ఎవరిది, లేఖ ఎవరు రాయాలి అన్న వేదాంతం అప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. అంటే చేతకాక కాదు. స్లీపర్ క్లాసువాడి కోసం చేతులు లేవవు, అంతే.

అందులోనూ సికింద్రాబాద్‌లో ఏ బళ్ళు ఉంచారో, చర్లపల్లికి ఏవి పంపారో చూస్తే ముచ్చటేస్తుంది. వందేభారత్‌లు సికింద్రాబాద్‌లో, కాచిగూడలో ఉన్నాయి. సూట్‌కేసుకు చక్రాలున్నవాళ్ళు మెట్రో పక్కనే దిగుతారు. గోరఖ్‌పూర్ బండిని చర్లపల్లికి పంపారు. మన అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ కొట్టి, టైల్స్ వేసి, రంగులు పూసే కుర్రాళ్ళు అటువైపు నుంచి వచ్చే బళ్ళలోనే జనరల్ బోగీ గుమ్మంలో వేలాడుతూ వస్తారు. వాళ్ళు చర్లపల్లిలో దిగి నగరానికి ఎలా చేరారో మనం ఎప్పుడూ అడగలేదు. పొద్దున్నే పనిలోకి వచ్చారు కాబట్టి ఎలాగో చేరే ఉంటారు. సొంతవాళ్ళ కష్టం మాత్రం తెలిసింది, జన్మభూమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ వదిలి చర్లపల్లి మీదుగా తిరిగినప్పుడు. అప్పుడు పేపర్లలో ఉత్తరాలు వచ్చాయి.

పాత స్టేషన్ల సంగతి ఒకసారి తలుచుకుంటే ఈ తెలివి ఎంత కొత్తదో తెలుస్తుంది. సికింద్రాబాద్‌కు 1874లో రైలొచ్చింది. దొరలకు తమ కంటోన్మెంట్ దగ్గరే కావాలి, అక్కడే పెట్టించుకున్నారు, ఖర్చు నిజాం ఖాతాలో రాశారు. స్వార్థమే. కానీ ఆ స్వార్థానికి కూడా స్టేషన్ అంటే మనిషి రావలసిన చోటు అన్న ఇంగితం ఉంది. నాంపల్లి 1907. కాచిగూడ 1916, గుమ్మటాలతో రాజసంగా. వీటి చుట్టూ తరాల తరబడి ఊరు అల్లుకుంది. సికింద్రాబాద్‌లో దిగి రోడ్డు దాటితే ఆల్ఫా హోటల్ చాయ్, ఆ పక్కనే రేతిఫైల్‌లో నగరంలో ఏ మూలకైనా బస్సు. రాత్రి ఎన్ని గంటలకు దిగినా ఊరు మేలుకునే ఉన్నట్టుండేది. ఇప్పుడు 700 కోట్ల కొత్త భవనం కోసం ఆ పాత ముఖద్వారం కూల్చేశారు. అదీ రేపు అద్దాలతో లేస్తుంది. సంతోషమే. అంతదాకా ప్రయాణికుణ్ణి ఊరి బయట కూర్చోబెట్టారు. ఇల్లు బాగుచేయించుకునేవాడు కూడా అద్దె ఇంటికి దారుందో లేదో చూసుకునే మారతాడు.

రోడ్డు సంగతి తేలలేదు కానీ పేరు సంగతి చకచకా తేలింది. 2025 మార్చిలో పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయానికి ఆ పేరు తీసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టే బిల్లు అసెంబ్లీకి వచ్చినప్పుడు, చర్లపల్లి టెర్మినల్‌కు పొట్టి శ్రీరాములు పేరు పెడదామని ముఖ్యమంత్రి ప్రతిపాదించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇంకా సజీవంగా ఉందని ఆ రోజు రుజువైంది. తన స్థలంలోని పాత బోర్డు నుంచి తీసిన పేరును కేంద్రం గోడ మీద రాయించడానికి రాష్ట్రానికి పైసా ఖర్చు లేదు. రోడ్డయితే ఖర్చు. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952లో ప్రాణం వదిలిన మనిషి. అంతటి పట్టుదల ఉన్నాయన పేరు పెట్టుకోవడం గౌరవమే. అయితే ఆయన పేరుతో బోర్డు పెట్టిన స్టేషన్‌కు వెళ్ళడానికి మనం కూడా అంత దీక్ష పట్టాల్సి వస్తే అది ఆయనకు గౌరవమా, మనకు శిక్షా?

కాస్త ఓపిక పట్టండి, కొత్త ప్రాంతాలు ఇలాగే అభివృద్ధి చెందుతాయి అని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళలో ఎక్కువమంది చేతిలో బ్రోచర్ ఉంటుంది. 'చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కు 5 నిమిషాలు' అని దాని మీద రాసి ఉంటుంది. ప్లాటు నాగారం అవతల ఎక్కడో ఉన్నా 5 నిమిషాలే. ఆ 5 నిమిషాలు ఏ బండిలో, ఏ రోడ్డు మీద, ఏ తిథినాడు అని అడగకూడదు. హైదరాబాద్‌లో ఓపిక పట్టినవాడి కంటే ముందు స్థలం పట్టినవాడు బాగుపడ్డాడు. రోడ్డు వెడల్పు చేయాల్సిన రోజుకి ఆ స్థలాల ధరలు పెరిగి, నష్టపరిహారం పెరిగి, ఖజానాలో డబ్బుల్లేవని అదే ప్రభుత్వం చేతులెత్తేస్తుంది. అప్పుడు మళ్ళీ ఓపిక పట్టమంటారు. రైల్వే స్టేషన్‌లో ఓపికకు మంచి వెయిటింగ్ హాలు కట్టారు లెండి.

ఇంతటితో ఆగేలా లేరు. నగరానికి పడమర నాగులపల్లి వైపు కూడా ఒక టెర్మినల్ కట్టాలన్న ఆలోచన రైల్వేకు ఉంది. అది ఎప్పటికి తేలినా అక్కడి జనానికి ఒక్క మాట. మీ ఊళ్ళో పునాదిరాయి వేయడానికి ఏ మంత్రిగారు ఒప్పుకున్నా పూలదండ సిద్ధం చేసుకోండి, మేళం పెట్టండి, ఫలకం మీద పేరు పెద్ద అక్షరాల్లో చెక్కించండి. ఒక్కటే షరతు పెట్టండి: తెల్లవారుజామున మూడు గంటలకు, ఇద్దరు పిల్లలతో, రెండు సూట్‌కేసులతో, అత్తగారిని వెంటబెట్టుకుని, ఆటోలో రమ్మనండి. చార్జీ ఆయన జేబులోంచే.